నోరు విప్పని నల్లి

నల్లి అనేది నేను పెంచిన దొంగ పేరు. కంప్యూటర్ లోపల ఉండే దొంగ. బొమ్మ లేదు, రంగు లేదు, చప్పుడు లేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, అంతే.

అప్పుడు నేను హోసూరులో ఒక కంపెనీలో గ్రైండింగ్ సెక్షన్‌లో పని చేస్తా ఉండినాను. మా ఊరు వేప్పనపల్లి పక్కన. ఆడ అన్న నంజప్ప మామిడితోట చూసుకుంటా ఉండె. పొద్దున షిఫ్టు అయితే మధ్యాహ్నం వదిలేస్తారు. రూముకు పోతే మాట్లాడేదానికి ఎవరూ లేరు. ఉన్నా నేను మాట్లాడేది తక్కువే. మిషను ముందర చెవుల్లో దూది పెట్టుకోని నిలబడినోడికి సాయంత్రం నోరు తెరవాలంటే బరువుగా ఉంటుంది. పక్క రూములో తిరుపత్తూరు వాళ్ళు పేకాట ఆడతా మొదట్లో నన్ను పిలిచేవాళ్ళు. పోయి గమ్మున కూచోని వచ్చేవాణ్ణి. కొన్నాళ్ళకు పిలిచేది మానుకున్నారు. వాళ్ళ తప్పు లేదు.

అన్న కొడుకు నరేష్ టెన్త్ రిజల్టు చూసేదానికి బాగలూరు రోడ్డులో ఒక బ్రౌజింగ్ సెంటర్‌కు పోయినాను. కింద టైలర్ షాపు, మేడ మీద సెంటర్. అది మురుగన్‌ది. ఇంట్లో అరవం మాట్లాడతాడు, మాతో తెలుగు మా మాదిరే మాట్లాడతాడు. పిల్లోడు పాసైనాడు. లేచి వస్తా ఉంటే పక్క కంప్యూటర్‌లో ఎవరో కాలేజీ అబ్బాయి తెర అట్లే వదిలేసి పోయిండాడు. ఇంగ్లీషులో ఏదో రాసుండె. నిలబడే చదివినాను. నాది తెలుగు మీడియం పదో తరగతి, అయితే అవి చిన్న మాటలే. నాకు అర్థమైనట్ల ఈడ రాస్తాను.

నువ్వు సంతలో ఉన్నావు. రొట్టెల అంగడి నుంచి వాసన వస్తా ఉంది. ఉత్తరాన వంతెన. తూర్పున కోటగోడ.

"ఏందప్పా ఇది?" అని అడిగినాను.

"ఆట. యాడాడ దేశాలోళ్ళో ఒకేసారి దీంట్లో తిరగతా ఉంటారు. ఉత్తరం అని టైపు చేస్తే ఉత్తరానికి పోతావు. బొమ్మలుండవని మన పిల్లోళ్ళు దీన్ని ముట్టరు. ఆ అబ్బాయి ఒకడే." మురుగన్ కుర్చీ లాగినాడు. "కూచో. నువ్వు ఎవరుగా ఉంటావో చెప్పు. సిపాయా, మంత్రగాడా, వైద్యుడా, దొంగా?"

సిపాయి అరవాల. మంత్రగాడు మంత్రం చదవాల. వైద్యుడు నలుగురితో కలవాల. దొంగ గమ్మునుంటే చాలు.

"దొంగ" అన్నాను.

"పేరు?"

నా రూము మంచం గుర్తొచ్చింది. "నల్లి."

మురుగన్ నవ్వినాడు. "నల్లి అంటే మా అరవంలో ఎముకలో మూలుగప్పా. బిరియాని గుర్తొస్తా ఉంది."

"మాకు మంచంలో ఉంటుంది."

"అయితే దొంగకు సరిపోయింది పో."

ఆ పొద్దు నుంచి షిఫ్టు వదిలితే మేడ మెట్లెక్కేది అలవాటైంది.

దొంగను పెంచేది పైరును పెంచినట్లే, తొందర పడితే రాదు. దొంగిలించాల, దొరకాల, తన్నులు తినాల, మళ్ళా దొంగిలించాల. అట్ల చేసిన కొద్దీ చెయ్యి తిరుగుతుంది. ఇప్పుడు నీ చెయ్యి కొంచెం మేలు అని తెర మీద ఒక లైను వస్తుంది. నేను రొట్టెల అంగడాయన్ని పట్టుకున్నాను. ఆయన ఆటలోని బొమ్మమనిషి, వెనక ఎవరూ లేరు. ఆయన గల్లా పక్కకు తిరిగినప్పుడు రొట్టె మీద చెయ్యి పెట్టాల. ఎప్పుడు తిరుగుతాడో కొన్నాళ్ళు ఊరికే చూస్తా ఉండినాను. ముందు వీధిలోకి చూస్తాడు, తర్వాత చేతులు తుడుచుకుంటాడు, అప్పుడు తిరుగుతాడు. కాలేజీ అబ్బాయి నా వెనక నిలబడి, "ఏమన్నా, కొట్టండి ఎవరినైనా. చూసేదానికి బోరుగా ఉంది" అన్నాడు. నేను తుడుచుకునేది చూస్తా ఉండినాను.

అయినా దొరికేవాణ్ణి. కావలివాడు కొట్టేవాడు. రక్తం కారతా ఉంది అని తెర చెప్పేది. ఉత్తరానికి, వంతెన మీదికి పారిపోయేవాణ్ణి.

వంతెన మీద ఎల్వా కూచోనుండేది. ఎల్వా బొమ్మమనిషి కాదు, యాడో ఒక దేశంలో ఎవరో ఆడతా ఉండే వైద్యురాలు. ఆడో మగో నాకు తెలీదు. పేరు ఆడపేరు మాదిరి ఉంది, అందుకని ఆయమ్మ అంటాను. నేను పోయిన మొదటి పొద్దే అడక్కుండా నా మీద చెయ్యి పెట్టింది. నీ గాయాలు మానినాయి అని తెర మీద వచ్చింది.

నేను ఏమీ అనలేదు. మా ఊర్లో దెబ్బ తగిలినోడికి పసుపు అద్దితే వాడు థ్యాంక్స్ చెప్పడు. చెప్తే పరాయోడైపోతాడు. మర్నాడు రొట్టె ఒకటి దొంగిలించుకోని పోయి ఆయమ్మ ముందర పెట్టినాను. ఆయమ్మ తీసుకోని తినింది. ఎల్వా రొట్టె తింటా ఉంది అని తెర చెప్పింది. నాకు కడుపు నిండినట్లయింది.

దాక్కునే విద్య కూడా ఆయమ్మ దగ్గరే నేర్చుకున్నాను. దాంట్లో ఒక చిక్కు ఉంది. దాక్కునేదానికి ప్రయత్నం చేస్తున్నావు అని తెర చెప్తుంది గానీ, దాక్కున్నావో లేదో చెప్పదు. ఎదుటోళ్ళే చెప్పాల. నేను వంతెన మీద దాక్కుంటే ఎల్వా, "కనపడతావుండావు" అని రాసేది. మళ్ళా దాక్కుంటే మళ్ళా అదే. అట్ల వానాకాలమంతా పోయింది. ఒక పొద్దు దాక్కున్నాను, ఆయమ్మ ఏమీ అనలేదు. చానా సేపైనా ఏమీ అనలేదు.

అప్పుడు, "నల్లీ, ఉండావా?" అని రాసింది.

నిజంగానే దాక్కున్నానా లేదా అని ఇంకొంచెం చూద్దామనుకున్నాను. బయటికి రాలేదు. ఆయమ్మ ఆడే కూచోనుండె. ఎవరో సిపాయి వచ్చినాడు, గాయం కట్టించుకోని పోయినాడు. మళ్ళా ఆయమ్మ ఒక్కతే. నేను పక్కనే. ఇద్దరం వంతెన మీద ఉన్నాం, ఒకరున్నట్లు ఇంకొకరికి తెలీదు. ఆయమ్మ లేచి పోయినంక నేను కంప్యూటర్ ఆపినాను.

ఆ తర్వాత ఆయమ్మ అడిగింది. "నల్లీ, నువ్వు మాట్లాడవా? ఎవరు నువ్వు?"

నేను జవాబు రాయాలనుకున్నాను. ఏ మాట ముందు పెట్టాలో తేలలేదు. మురుగన్‌ను అడిగితే, "ఏదో ఒకటి రాయప్పా, వాళ్ళేమన్నా పరీక్ష దిద్దతారా" అన్నాడు. తప్పు రాస్తే ఎట్ల అని ఆలోచిస్తా ఉంటే ఆయమ్మ వెళ్ళిపోయింది. మర్నాడు రొట్టె రెండు పెట్టినాను. అదే నా జవాబనుకున్నాను.

ఆ ఆటకు ఒక కట్టుబాటుండేది. మనిషి లేకుండా మిషన్‌తో ఆడించేవాళ్ళు కొందరుంటారు. ఒకే పని మళ్ళా మళ్ళా చేయమని కంప్యూటర్‌కు చెప్పి నిద్రపోతారు, దొంగ తనంతట తానే పెరుగుతాడు. అట్లాంటోణ్ణి ఆట పెద్దలు తీసిపారేస్తారు. ఇదంతా నాకు తర్వాత మురుగన్ చెప్పినాడు. దినామూ అదే వేళకు వచ్చి, అదే అంగడిలో అదే రొట్టె దొంగిలించి, అదే వంతెన మీద దాక్కోని, ఎవరు పిలిచినా పలకనోణ్ణి ఏమనుకుంటారు? ఎవరో పెద్దలకు చెప్పిండారు.

ఒక పొద్దు ఎల్వా ముందర రొట్టె పెట్టినానో లేదో, వంతెన మీదికి వార్డెన్ వచ్చినాడు. ఆట పెద్దల్లో ఒకాయన. మెరుపు మెరిసింది అని తెర చెప్పింది.

"నల్లీ, నాకు జవాబు చెప్పు" అన్నాడు.

దొంగతనానికి పట్టుకున్నారని నేను అనుకున్నాను. మా పక్క మామిడితోటలో ఎవరైనా దొరికితే ఒక పద్ధతుంది. గుడ్డ విప్పి కాయలన్నీ తోటాయన ముందర పోయాల. చేతులు కట్టుకోని నిలబడాల. నోరు విప్పకూడదు. విప్పినోడికి దెబ్బలు పడతాయి, గమ్మున నిలబడినోణ్ణి, "పోరా, ఇంకొకసారి రావద్దు" అని పంపిస్తారు. మా నాయిన ఆంజినప్ప తోట కావలికి ఉన్నప్పుడు అట్ల ఎంతమందిని పంపినాడో చూసినోణ్ణి నేను.

కత్తి కింద పెట్టినాను. పైగుడ్డ తీసేసినాను. అన్నీ కింద పెట్టు అని టైపు చేసినాను. రొట్టెలు, ఉంగరాలు, తాళంకప్పలు తెరిచే కడ్డీలు, ఇన్నాళ్ళు కూడబెట్టింది అంతా వంతెన మీద పడింది. తల వంచు అని ఒక ఆజ్ఞ ఉంది, అది కూడా కొట్టినాను. నల్లి తల వంచినాడు అని అందరికీ కనపడింది.

"ఇది జవాబు కాదు" అన్నాడు వార్డెన్. "నువ్వు మనిషివైతే నీ మాటల్లో ఏదన్నా చెప్పు."

ఎల్వా రాసింది. "అతను మనిషే. నల్లీ, ఏదో ఒకటి చెప్పు. ఏదైనా సరే."

అప్పుడు అర్థమైంది. నోరు విప్పకపోతే పంపరు, విప్పితేనే పంపుతారు. సరే, పెద్దాయనకు రాసేది మా బడిలో నేర్పించినారు. బోర్డు మీద రాసి అందరితో పలికించినారు. రెస్పెక్టెడ్ సర్, ఐ బెగ్ టు స్టేట్ దట్. అట్ల మొదలుపెట్టకుండా పెద్దాయనకు ఏదీ రాయకూడదు. నేను ఒక వేలితో మొదలుపెట్టినాను.

"మురుగనప్పా, రెస్పెక్టెడ్‌కు స్పెల్లింగ్ ఏంది?"

మురుగన్ ఎవరికో ప్రింటు తీస్తా ఉండె. ఆడి నుంచే ఒక్కొక్క అక్షరం చెప్పినాడు. "లీవ్ లెటరా?"

"కాదు."

నేను కొట్టేది అవతలోళ్ళకు కనపడదు. లైను ముగించి పెద్ద బటన్ నొక్కితేనే పోతుంది. నేను గొణుగుతా కొడతా ఉండినాను. ఐ యామ్ నాట్ మిషన్. ఐ యామ్ వర్కింగ్ ఇన్ గ్రైండింగ్ సెక్షన్. ఈ లోపల వార్డెన్ మళ్ళా అడిగినాడు. ఎల్వా, "కొంచెం ఆగండి" అని రాసింది. నేను యువర్స్ ఒబీడియంట్లీ దాకా వచ్చినాను. ఒబీడియంట్లీ దగ్గర ఆగినాను.

తెర ఒక లైను కొట్టింది. నల్లిని తీసేసినాము.

ఆ తర్వాత ఏమీ లేదు. నేను బటన్ నొక్కినాను. జాబు యాడికీ పోలేదు.

మురుగన్ వచ్చి చూసినాడు. తెర చదివినాడు, నా మొహం చూసినాడు. "సర్ ఎందుకప్పా పెట్టినావు ఆడ? ఒక ఊ అని కొట్టుంటే సరిపోయేది."

"తెలీలేదు."

"పోనీ, ఇంకోణ్ణి చేసుకో. పేరే కదా."

నేను మెట్లు దిగి వచ్చేసినాను.

ఆదివారం ఊరికి పోయినాను. తోటలో మందు కొడతా ఉండిరి. అన్న నంజప్ప పంపు మోస్తా, నా పక్క రెండు మూడు తూర్లు చూసినాడు.

"ఏం రాజప్పా, కంపెనీలో ఏమన్నా అన్నారా?"

"లేదు."

"మళ్ళెందుకు మొహం అట్లుంది? ఎవరన్నా పోయినారా?"

పోయినారు అని చెప్పొచ్చు. ఎవరు అంటే ఏం చెప్పేది? నల్లి అంటే వదిన పుట్టమ్మ మంచం ఎండలో వేసి వేణ్ణీళ్ళు పోస్తుంది.

"ఎవరూ లేరు" అన్నాను.

"పెండ్లి చేసుకో" అన్నాడు అన్న. ఏమున్నా అన్న దగ్గర ఉండే మందు అదొకటే.

చానా దినాలు సెంటర్ పక్క పోలేదు. పేకాట వాళ్ళ రూము దగ్గర ఒకసారి నిలబడినాను. లోపల నవ్వులు వినపడినాయి. తలుపు కొట్టకుండా వచ్చేసినాను. ఎల్వా ఏమనుకుంటా ఉంటుంది అనేదే ఆలోచన. మనిషే అని పెద్దాయనకు అడ్డం నిలబడి చెప్పింది. నేను ఆ మాట నిలబెట్టలేదు.

మళ్ళా మెట్లెక్కినప్పుడు మురుగన్ మూల కంప్యూటర్ చూపించినాడు. ఎవరుగా ఉంటావు అని ఆట అడిగింది. ఏది పైనుంటే అది నొక్కినాను. సిపాయి అయినాను. పేరు అడిగితే రాజప్ప అని నా పేరే పెట్టినాను. సంత దాటి ఉత్తరానికి పోయినాను.

ఎల్వా ఉండింది. పక్కన ఇంకెవరో ఉన్నారు, వాళ్ళదీ ఆడపేరే. ఎల్వా వాళ్ళకు చెప్తా ఉండె. "ఒక దొంగ ఉండేవాడు. నాకు దినామూ రొట్టె తెచ్చేవాడు. మిషనంట. నేను మనిషనుకున్నాను."

నేను చూస్తా ఉండినాను. ఆ మాట తెర మీద పైకి జరిగిపోయే లోపల నా వేళ్ళు కదిలినాయి. సర్ పెట్టలేదు. స్పెల్లింగ్ అడగలేదు.

"మిషన్ కాదు. నల్లి నేను. లేట్ టైపింగ్."

 పక్కనున్నోళ్ళు వెళ్ళిపోయినారు.

"ఎవరైనా ఈ మాట చెప్పొచ్చు" అని ఎల్వా రాసింది. "నల్లి ఎప్పుడూ మాట్లాడలేదు. నువ్వు మాట్లాడతావుండావు."

 నిజమే చెప్పింది. కాదు నేనే నేనే అని కొట్లాడొచ్చు. కొట్లాడేకొద్దీ నల్లికి ఇంకా దూరమైపోతాను. కింద టైలర్ షాపులో మిషను టకటకమని ఆగింది. నేను వంతెన మీద కూచో అని టైపు చేసినాను. రాజప్ప కూచున్నాడు అని వచ్చింది.

కొంచెం సేపటికి, మా పక్క దారిలో ఎవరు ఎదురైనా అడిగే మాట ఒకటుంది, దాన్ని ఇంగ్లీషులో రాసినాను. "తిన్నావా?"

"ఇంకా లేదు" అని రాసింది ఎల్వా. "నువ్వు?"

"నేనూ లేదు" అని రాసినాను.