లాల్‌దర్వాజా ముక్కుపురుగులు

వైకుంఠం సేటు గోదాములో ముక్కుపురుగులున్నాయన్న మాట ఆయన ముందు ఎవరూ అనకూడదు. బియ్యం గోదాములో పురుగుండడం ఎండాకాలంలో ఉక్కపోత ఉండడమంత మామూలే అయినా సరే, అనకూడదు. అలాంటిది, ఆయన కన్నకూతురే ఆ పురుగులను పట్టుకుని పరిశోధన మొదలుపెట్టింది.

శ్రీహితకు ఆ పంతం ఊరికే పుట్టలేదు. లాల్‌దర్వాజాలోని వాళ్ల గోదాములో ఏటా మందు గోళీలు పెట్టి, తలుపులు బిగించి పొగపట్టిస్తారు. ఒకప్పుడు ఆ పొగకు పురుగన్నది మిగిలేది కాదు. ఇప్పుడు తలుపు తీసేసరికి కొన్ని పురుగులు బస్తాల మీద హాయిగా షికారు చేస్తున్నాయి. మందుకు లొంగని ఈ మొండిరకం ఎలా తయారైందో తేల్చాలంటే వాటిని ప్రాణాలతో ప్రయోగశాలకు తీసుకుపోవాలి. చచ్చినవాటితో ఆమెకు పని లేదు.

ప్రయోగశాల ఫలక్‌నుమా స్టేషను వెనక ఉంది. నాలుగైదు బృందాలు కలిసి వాడుకుంటాయి. చిక్కంతా ఆ కలిసి వాడుకోవడం దగ్గరే వచ్చింది. ప్రీతి అనే సీనియరు ఊరూరా తిరిగి సేకరించిన పాత రకాల జొన్నలు, వడ్లు అక్కడే ఒక గదిలో దాచుకుంది. వాటిలో కొన్ని మళ్లీ కావాలన్నా ఎక్కడా దొరకవు. అలాంటి చోటికి ముక్కుపురుగులను తెస్తాననడం పాలగిన్నె ఉన్న గదిలోకి పిల్లిని పట్టుకొస్తాననడమే. ప్రీతి ససేమిరా అంది. ల్యాబు బాధ్యతలు చూసే జగదీశ్వర్ మాత్రం బాగా ఆలోచించి ఒక్క అవకాశం ఇచ్చాడు.

"ఒక్కసారి చూస్తనమ్మా. డబ్బా బయట ఒక్క పురుగు కనవడ్డా నీకు ఈడ బల్ల లేదు. ఇంకో తావు చూస్కోవాలె" అన్నాడు. బతికున్న పురుగులను రానిచ్చే ఇంకో తావు లేదని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

శ్రీహిత నడుం బిగించింది. పురుగులను గింజలతో సహా గట్టి సీసాల్లో వేసి, మూతలకు గాలాడేంత సన్నని జాలీ పెట్టింది. సీసాలను బిగుతు మూత డబ్బాలో, ఆ డబ్బాను ఇంకో పెట్టెలో పెట్టి, మధ్యలో దూది కుక్కింది. లోపల ఏమున్నాయో, ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో పైన పెద్దక్షరాలతో రాసింది. ముందుగానే ఖాళీ పెట్టెతో ఆటో ఎక్కి, ఆ గుంతల దారంతా తిరిగి చూసింది. కొత్త పెళ్లికూతురిని కూడా ఇంత భద్రంగా ఎవరూ అత్తారింటికి పంపరని తల్లి కమల నవ్వింది.

తీసుకుపోయే రోజు పొద్దున వైకుంఠం కూడా కరిగాడు. కొత్తచోటికి ఖాళీ చేతులతో పోవడం ఆ ఇంటా వంటా లేదు. చుట్టాలింటికి పోయినా, బ్యాంకు మేనేజరును కలవబోయినా చేతిలో ఓ సంచి బియ్యం ఉండాల్సిందే. గోదాములో ఉన్నవాటిలో మేలైన పాత బియ్యం తీయించి, దగ్గర కూర్చుని చెరిగించి, జల్లించి, కొత్త గుడ్డసంచిలో పోయించి మూతి కుట్టించాడు.

"మీ సారుకియ్యి బిడ్డా. మన బియ్యమెట్లుంటయో ఆయనకు గూడ తెలువాలె" అన్నాడు. శ్రీహిత ప్రాణమంతా పెట్టె మీదే ఉంది. సరేనని సంచిని ఆటోలో కాళ్ల దగ్గర పెట్టుకుంది.

ల్యాబు గుమ్మంలో జగదీశ్వర్, ప్రీతి కాచుకుని ఉన్నారు. పెట్టెను అన్నివైపులా తిప్పి చూశారు. వంక పెట్టాలని ప్రీతి శాయశక్తులా చూసింది, దొరకలేదు. కొత్తగా వచ్చినవాటిని కొన్నాళ్లు విడిగా ఉంచే చిన్న గది తెరిచి, పెట్టెను అందులో పెట్టించారు. జగదీశ్వర్ భేష్ అన్నాడు. ఆ సంబరంలో శ్రీహిత బియ్యం సంచి అందించింది. ఆయన మొహమాటపడుతూనే తీసుకుని చాయ్ గది వైపు నడిచాడు. విత్తనాల గది దాని పక్కదే.

అప్పుడు తట్టింది శ్రీహితకు.

ఆ సంచీ ఆ గోదాములోదే. ముక్కుపురుగు గుడ్డు పెట్టేది గింజ లోపల. పిల్ల గింజలోనే తిని, గింజలోనే పెరిగి, తీరిగ్గా ఒకరోజు బయటికొస్తుంది. చెరిగినా, జల్లించినా లోపలున్నది పోదు. ఈ సంగతి బియ్యం వ్యాపారులందరికీ తెలుసు, కాకపోతే ఎవరి గోదాముకు వాళ్లు మినహాయింపు ఇచ్చుకుంటారు. మరి ఆ పురుగు గురించే చదువుతున్న తనకేమైంది?

ఊరుకుంటే ఊరుకోవచ్చు. సాయంత్రానికి సంచి ఆయన ఇంటికి పోతుంది. చెబితే మాత్రం చేతికందిన బల్ల చేజారవచ్చు, పైగా నాన్న పరువు. అయినా పరుగున వెళ్లి సంచి పట్టుకుంది.

"లోపటికి తీస్కపోకుండ్రి సార్. ఇవి గూడ ఆ గోదాము బియ్యమే. గింజలల్ల పురుగులుండొచ్చు. తప్పు నాదే, నేనే సోంచాయించలే."

పైకి ఒక్క పురుగూ లేదు కదా అన్నాడు జగదీశ్వర్. ప్రీతి వెళ్లి విత్తనాల గది తలుపు మూసి వచ్చింది. శ్రీహిత సంచిని గట్టి ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూతి బిగించి, దాన్ని మూతున్న గాజుతొట్టిలో దించి, తన పెట్టె పక్కనే చిన్న గదిలో ఉంచింది. నడిచిన దారంతా ఊడ్చి, ఆ చెత్తను కూడా మూటగట్టింది. ఈ బియ్యం సంగతి తేలాకే బల్ల సంగతని జగదీశ్వర్ చెప్పేశాడు.

ఇంట్లో వైకుంఠం అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. తాను దగ్గరుండి చెరిగించిన బియ్యంలో పురుగా? తండ్రీకూతుళ్లు ఎడమొహం పెడమొహం అయ్యారు. శ్రీహితకు అన్నం సహించలేదు. పురుగు రాకపోతే తాను ఉత్త లొల్లి చేసినట్టు, వస్తే నాన్న తలవంచుకున్నట్టు. ఏది కోరుకోవాలో ఆమెకే తెలియలేదు.

కొన్నాళ్లకు జగదీశ్వర్ రమ్మని ఫోన్ చేశాడు. తానూ చూస్తానని వైకుంఠం చెప్పులేసుకుని బయల్దేరాడు.

ప్లాస్టిక్ కవరు లోపల, సంచి కుట్టు మీద ఓ ముక్కుపురుగు తాపీగా పాకుతోంది. దాని వెనక ఇంకొకటి. కవరు బయట ఒక్కటీ లేదు. శ్రీహిత పెట్టె బయటా లేదు. విత్తనాల గది మూలమూలా ప్రీతే వెతికింది, అక్కడా లేదు.

వైకుంఠం కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. మొహం చిన్నబోయింది. జగదీశ్వర్ ఆయనకు కుర్చీ వేశాడు.

"మీ బిడ్డ ఆనాడు నోరు మూస్కుంటే ఈ పురుగు గా జొన్నలల్ల ఉంటుండె సేటు. పెట్టెలు చూసుడే మాకు తెలుసు. చాయ్ గదికొచ్చే సంచి మీద మాకెవ్వలకు సోయి లేదు" అన్నాడు.

వైకుంఠం కూతురి వైపు చెయ్యి చూపించి, "నన్ను గూడ నమ్మలే సార్ ఇది" అన్నాడు. గొంతులో గర్వం దాచుకోవాలన్నా దాగలేదు. శ్రీహితకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఈలోగా ప్రీతి తన బల్ల దగ్గరికి వెళ్లింది. కిటికీ పక్కన, మంచి వెలుతురు పడే సగం మీది సీసాలన్నీ మిగతా సగం మీదికి జరిపి, తడిగుడ్డతో శుభ్రంగా తుడిచింది.

"ఈడ పెట్టుకో, రా" అంది.

శ్రీహిత ముక్కుపురుగుల పెట్టెను రెండు చేతులా పట్టుకుని, తలెత్తుకుని లోపలికి నడిచింది.