అడిగినంత వరకే

బుధవారం నాకు సెలవు. అందుకే ఆ రోజు నాకు ఊపిరి సలపదు. మిగిలిన నాలుగు రోజులూ మా ఊరు మెహెలెన్‌లో రైలెక్కి బ్రస్సెల్స్ వెళ్ళి, కుర్చీలో కూర్చుని చదివి, రాసి, కాఫీ వేడిగా ఉండగానే తాగి వస్తాను. బుధవారం మాత్రం పొద్దున్నే అత్తగారి ఫ్లాటుకు వెళ్ళి పక్క దుప్పట్లు మార్చి, ఆమెకు తలంటి, వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్ది, ఇంటికొచ్చి విట్లోఫ్ అనే తెల్లటి ఆకుకూర వండుతాను. దాని మొదలు దగ్గర చేదుంటుంది. కత్తితో అక్కడ గుండ్రంగా తవ్వి తీసేయాలి. మా ఆయనకు చేదు గిట్టదు.

ఈ బుధవారం నాకెలా వచ్చిందో చెప్పాలి. బుధవారం మధ్యాహ్నం బడులుండవు కాబట్టి పిల్లలున్న ఇంట్లో ఎవరో ఒకరు ఉద్యోగంలో ఐదోవంతు వదులుకుంటారు. ఆ ఎవరో ఒకరికి మా దేశంలో మీసాలు ఉండవు. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు మా ఆయన యోరిస్ నాకు కాఫీ కలిపిచ్చి మరీ, ఎంతో మర్యాదగా చెప్పాడు. "నీ ఇష్టం వేర్లె, నేనేం బలవంతపెట్టను. కానీ నువ్వే ఆలోచించు. రైల్వేలో నాది పైకెళ్ళే ఉద్యోగం. నీది ఎక్కడికీ పోని ఉద్యోగం." నిజమే, అది ఎక్కడికీ పోలేదు. పిల్లలు పెరిగి వాళ్ళ దారిన వాళ్ళు వెళ్ళిపోయాక కూడా బుధవారం నా చేతికి తిరిగి రాలేదు. "వదినా, నీకు బుధవారం ఖాళీయే కదా" అంది ఆడపడుచు లీవె. ఆ మాట ఒక్కసారే అంది. మళ్ళీ అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఉద్యోగం సంగతి. నేను ప్రభుత్వ సలహా మండలిలో న్యాయ పరిశీలకురాలిని. ఏ చట్టం తేవాలన్నా పార్లమెంటుకు వెళ్ళేముందు దాని ముసాయిదా మా బల్ల మీదికి రావాలి. నేను చదివి నివేదిక రాస్తాను. ముగ్గురు సభ్యులు కూర్చుని దాన్ని వాక్యం వాక్యం చర్చించి మండలి అభిప్రాయంగా ఖరారు చేస్తారు. ప్రభుత్వం మా మాట వినాలని లేదు, అడగాలని మాత్రం ఉంది. నెల గడువిస్తే ముసాయిదాను చొక్కా తిరగేసినట్టు తిరగేసి లోపలి కుట్లన్నీ చూస్తాం. అత్యవసరమని చెప్పి ఐదు పనిదినాలే ఇస్తే మాకు మూడు ప్రశ్నలే మిగులుతాయి. ఈ చట్టం చేసే అధికారం వీళ్ళకుందా? దేని ఆధారంగా చేస్తున్నారు? చేయాల్సిన లాంఛనాలన్నీ చేశారా? అంతే. అది మంచిదా చెడ్డదా, ఎవరి మెడకు చుట్టుకుంటుంది అన్నది మేం మాట్లాడకూడదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అనలేదు.

ఒక గురువారం వచ్చిన ముసాయిదా ఐదు రోజులది. పెన్షన్ చట్టానికి సవరణ. పిల్లల కోసమో ముసలివాళ్ళ కోసమో ఉద్యోగం తగ్గించుకున్న రోజుల్ని ఇంతకాలం పనిచేసిన రోజులతో సమానంగా చూసేవారు. ఇక చూడరట. ఇకమీదటివే కాదు, జరిగిపోయినవి కూడా. వివరణ పత్రంలో వాటికి 'స్వచ్ఛంద విరామం' అని పేరు పెట్టారు. ఆ మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. స్వచ్ఛందంగా నేను విరమించింది దేన్నుంచి? జ్వరంతో కాలిపోతున్న పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని ముసాయిదాలు చదివిన మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. ఒళ్ళు మండింది. నా బుధవారాలు కూడా ఈ చట్టంలో కొట్టుకుపోతాయి, దాచడమెందుకు. స్వార్థం ఉన్నవాళ్ళు తప్పుకోవాలంటే మా అంతస్తులో ఆడవాళ్ళందరూ తప్పుకోవాలి. మగవాళ్ళకీ ఇందులో స్వార్థముంది. వాళ్ళది స్వార్థమని ఎవరూ అనరు.

నాకు కావలసింది ఒక్క వాక్యం. 'ఈ భారం దాదాపు అంతా స్త్రీల మీదే పడుతుంది, అందుకు తగిన కారణం ప్రభుత్వం చూపలేదు.' ఇది మండలి అభిప్రాయంలో ఉంటే రేపు పార్లమెంటులో ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని లేచి నిలబడతారు, ఎల్లుండి కోర్టులో ఒక ముసలామె తరఫు వకీలు చదివి వినిపిస్తాడు. లేకపోతే ఏమీ లేదు. ఆ మూడు ప్రశ్నల్లో దాన్ని ఎక్కడ ఇరికించాలా అని వెతికాను. మూడోదాంట్లో సందు దొరికింది. ఏ బిల్లుతోనైనా దాని వల్ల ఎవరికేం జరుగుతుందో అంచనా పత్రం జతచేయాలి, స్త్రీపురుషుల గురించి అందులో ఒక గడి ఉంటుంది. ఇది లాంఛనం. దస్త్రంలో ఆ పత్రం లేదు. చాలా రోజుల తర్వాత నాలో నేను నవ్వుకున్నాను.

మంత్రి తరఫున మాకు జవాబులు చెప్పేది ఫెమ్కె అనే చిన్నమ్మాయి. ఫోన్ చేశాను.

"అంచనా పత్రం కనపడటం లేదమ్మా."

"అయ్యో, జతచేయడం మర్చిపోయానండీ. ఉంది. ఇప్పుడే పంపిస్తాను."

పంపింది. స్త్రీపురుష భేదం అన్న గడిలో 'ప్రభావం లేదు' అని ఉంది. కింద కారణం: నిబంధన అందరికీ ఒకే విధంగా వర్తిస్తుంది. మళ్ళీ ఫోన్ చేశాను.

"ఈ గడి ఎవరు నింపారు?"

"నేనేనండీ."

"లెక్కలు చూసే నింపావా?"

"చూశానండీ. చూశాక ఏం రాయాలో మా పైవాళ్ళు చెప్పారు." తర్వాత గొంతు తగ్గించింది. "మేడమ్, నాకు కవల పిల్లలు. నేనూ బుధవారం రాను."

ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. అధికారం ఉంది, ఆధారం ఉంది, పత్రం నింపారు. అందులో రాసింది నిజమా కాదా అన్నది నాలుగో ప్రశ్న. నాలుగో ప్రశ్న మాకు లేదు.

అయినా ఆ వాక్యం నివేదికలో రాశాను. ముగ్గురు సభ్యుల సమావేశం బుధవారం పెట్టారు, అప్పటికి గడువు అయిపోతుంది మరి. మంగళవారం రాత్రి భోజనాల దగ్గర యోరిస్‌తో చెప్పాను.

"రేపు అత్తయ్య దగ్గరికి నువ్వెళ్ళాలి. నాకు సమావేశం ఉంది."

"రేపు బుధవారం కదా."

"అవును. సమావేశం కూడా బుధవారమే."

"నీ సెలవు రోజున సమావేశం పెడితే కుదరదని చెప్పలేకపోయావా? నోట్లో నాలుక లేదా ఏంటి నీకు?" నవ్వుతూనే అన్నాడు. "నాకు రేపు లియేజ్‌లో పనుంది. సరేలే, అమ్మకి ఫోన్ చేసి చెప్తా. ఒక్క వారానికి ఏం కాదు."

మండలి గదిలో బల్ల ఓవల్ ఆకారంలో ఉంటుంది. అధ్యక్షురాలు రోసెల్స్ గారు. పదవీ విరమణకు దగ్గర పడినా వెన్ను వంచకుండా కూర్చుంటారు. ఆవిడ ఉద్యోగంలో ఒక్క రోజు తగ్గించుకున్నది లేదు. పిల్లల్ని ఆవిడ తల్లి పెంచింది, ఆ సంగతి ఆవిడే చెబుతారు. నా నివేదిక పైకి చదివించారు. ఆ వాక్యం దగ్గర పెన్సిలు ఆపారు.

"వేర్లె, ఇది నిజమేనమ్మా."

"నిజమేనండీ."

"మనల్ని అడిగింది ఇది కాదు."

"అంచనా పత్రంలో రాసింది తప్పు కదండీ. తప్పు పత్రం పెడితే లాంఛనం పూర్తయినట్టేనా?"

పక్కనున్న సభ్యుడొకాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నాడు. "ఈరోజు ఇది చూస్తే రేపు ప్రతి పత్రంలోనూ ప్రతి గడీ తవ్వాలి. ఐదు రోజుల్లో అయ్యే పనేనా చెప్పండి?" ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు, అదే నా ఖర్మ. గంటసేపు మాట్లాడుకున్నారు. రోసెల్స్ గారు నా వైపు రెండుసార్లు చూశారు. చివరికి వాక్యం మీద ఒక గీత గీసి, గీతకు కూడా నొప్పి కలగకూడదన్నట్టు, పెన్సిలు మెల్లగా బల్ల మీద పెట్టారు. దాని బదులు ఎప్పుడూ రాసేదే రాశాం. గడువు తక్కువ కాబట్టి ఈ మూడు విషయాల వరకే పరిశీలించామని, మిగతావాటిపై ఏమీ చెప్పకపోయినంత మాత్రాన చెప్పేదేమీ లేదని అనుకోకూడదని. ఆ పేరాను నేను ఎన్ని వందల అభిప్రాయాల్లో అతికించానో. ఎవరైనా చదివినట్టు ఎప్పుడూ వినలేదు.

రైల్లో ఉండగా లీవె ఫోన్ చేసింది. అత్తగారు పడిపోయారు. నేను రాలేదని దుప్పట్లు తానే మార్చుకోబోయారట. ఎముకలేం విరగలేదు కానీ తుంటి అంతా నల్లగా కమిలిపోయింది. "ఒక్క బుధవారం వదినా" అంది లీవె. "నిన్నేం అనడం లేదులే. ఒక్క బుధవారం చూడు, ఎంత పనైందో." లియేజ్ వెళ్ళినాయన్ని కూడా ఏమీ అనలేదు. ఆయన్ని అనాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఆదివారం లీవె వాళ్ళింట్లో బియ్యంతో చేసిన తీపి టార్టు, కాఫీ. అత్తగారు పక్కగదిలో పడుకుని ఉన్నారు.

"మీ ఇంట్లో కిందనే స్నానాల గది ఉంది కదా?" అంది లీవె.

"ఉంది."

"డాక్టరు మీ వీధిలోనే కదా?"

"వీధి చివర."

"చూశావా అన్నయ్యా. అమ్మకి మెట్లెక్కే బాధ ఉండదు."

యోరిస్ నా వైపు తిరిగాడు. "నీకేం అభ్యంతరం లేదుగా?"

నేను ఇంకా నోరు తెరవకముందే టార్టు ఇంకో ముక్క నా పళ్ళెంలో పడింది. అడిగినవాటికి అన్నిటికీ నిజమే చెప్పాను. తర్వాత కూడా చాలాసేపు ఏదో ఒకటి అందామనుకున్నాను. అప్పటికి వాళ్ళు మంచం ఏ గోడకు వెయ్యాలో మాట్లాడుకుంటున్నారు. ఇంటి పనంతా నాలోకి నీళ్ళలా ఎక్కుతూ వచ్చింది, ఎక్కడ కాళ్ళు తడిశాయో ఎక్కడ మునిగానో నాకే తెలియదు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఉల్లిపాయలు తరగాల్సి ఉంది కాబట్టి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని పడలేదు.

నెల తిరక్కుండా అత్తగారు మా ఇంటికొచ్చేశారు. బుధవారం ఒక్కటే కాదు, ఇప్పుడు ప్రతి పొద్దుటా ప్రతి సాయంత్రమూ బుధవారమే. ఉద్యోగం సగానికి తగ్గించుకోమని యోరిస్ అన్నాడు, బలవంతం మాత్రం పెట్టలేదు.

మొన్న అత్తగారికి తలంటుతున్నాను. ఆవిడ పేరు ఆల్ఫోన్సిన్. తొట్టి పక్కన కుర్చీలో మెడ వెనక్కి వాల్చి కూర్చుని ఉన్నారు. వంటింట్లో రేడియో మోగుతోంది. పెన్షన్ బిల్లు ఆమోదం పొందిందని వార్త చదివి, మంత్రి గొంతు వినిపించారు. "సలహా మండలి ఈ ముసాయిదాను పరిశీలించింది. ఎలాంటి అభ్యంతరమూ వ్యక్తం చేయలేదు." ఒక్క ముక్క అబద్ధం లేదు.

"మండలి అంటే మీదేనా?" అన్నారు అత్తగారు.

"మాదే అత్తయ్యా."

"మరి నువ్వు ఒప్పుకున్నావా?"

"మమ్మల్ని అది అడగలేదు."

ఆవిడ కళ్ళు మూసుకునే నవ్వారు. "మీ మామయ్య బేకరీలో నలభై ఏళ్ళు తెల్లవారకముందే లేచి పిండి కలిపాను. కాగితాల్లో ఎక్కడా నా పేరు లేదు, తెలుసా? యజమాని భార్య, సాయం చేస్తోంది అని రాసుకున్నారు. కాగితం ప్రకారం నేను ఒక్క రోజు కూడా పనిచెయ్యలేదు. నువ్వు నాకన్నా నయమనుకున్నాను. పెద్ద చదువులు చదువుకున్నావు, రైలెక్కి వెళ్తావు, చట్టాలు నీ చేతిమీదుగా వెళ్తాయి అని."

నురుగు కడుగుతూ ఉండిపోయాను. ఆవిడ జుట్టు ఇప్పుడు పిడికెడు కూడా లేదు. నీళ్ళు చెవిలోకి పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టాను.

"ఆ రోజు లీవె వాళ్ళింట్లో పక్కగదిలో పడుకున్నాను కదా" అన్నారు. "తలుపు తీసే ఉంది. మీరు మాట్లాడుకున్నదంతా విన్నాను. వాడు అడగడు. అది అడగదు. వాళ్ళు నా కడుపున పుట్టినవాళ్ళు, నాకు తెలుసు. నిన్నెవరూ అడగలేదని నువ్వు కుమిలిపోవడం కూడా చూస్తూనే ఉన్నాను. మరి నువ్వు నన్నెందుకు అడగలేదు?"

నిజంగానే నాకు తట్టలేదు. ఆవిడ గురించి నేను తలుచుకున్నదంతా దుప్పట్లు, మాత్రలు, జుట్టు. కుళాయి కట్టేసి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"ఇక్కడికి రావడం మీకిష్టమేనా అత్తయ్యా?"

"లేదమ్మా" అన్నారు.

ఆవిడ ఫ్లాటు తాళాలు సోమవారమే కొత్తవాళ్ళకు ఇచ్చేశాం. నేనే వెళ్ళి ఇచ్చొచ్చాను.