చప్పుడు కాని సుత్తి

యోనా సంచిలోంచి రెండు సుత్తులు తీసి గచ్చు మీద పెట్టాడు. ఇనప సుత్తి ముఖం అద్దంలా నునుపు. తడిపిన తోలును రాతి మీద పరిచి దానితో కొడితేనే చెప్పు అడుగు గట్టిపడుతుంది. కొయ్య సుత్తి పైపట్టీల కోసం, మెత్తని తోలు మీద మచ్చ పడకుండా. కూతురికి వానాకాలం చెప్పులు కుట్టిపెట్టాలని ఆయన ఊరి నుంచి జీపెక్కి చింతపల్లి వచ్చాడు.

లిదియా ముందుగా కిటికీ మూసింది. టీచర్ల క్వార్టర్లలో గోడలు పలచన. తండ్రి వ్యవసాయం చేస్తాడని ఆమె పక్కింటి సత్యకుమారికి చెప్పుకుంది. ఆ సంగతి యోనాకూ తెలుసు.

"నాన్నా, ఇనపది తియ్యకు. రాయి మీద కంగుమంటుంది."

"సెక్కదెబ్బకి అడుగు గట్టిపడదమ్మా. నీళ్లు తాగి ఉబ్బిపోద్ది."

లిదియా పక్కింటి గోడ వైపు చూసింది. యోనా ఇనప సుత్తిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టేశాడు. రాయి కింద గోనెపట్టా మడిచి వేసి, చెప్పులు పూర్తయ్యేదాకా కొయ్య సుత్తితోనే కొట్టాడు.

సంతరోజున వాన పట్టుకుంది. సత్యకుమారితో కలిసి బురద దారిలో ఇంటికి వస్తుంటే లిదియా కుడికాలి చెప్పు అడుగు సగానికి విచ్చుకుంది. యోనా గొడుగు పట్టుకుని వెనకే వస్తున్నాడని ఆమె చూసుకోలేదు.

సత్యకుమారి వంగి చూసింది. "కుట్టు సూడండి, ఎంత సన్నంగా ఉందో. ఇలగైపోనాదేటి? ఎక్కడ కొన్నారు టీచరుగారూ?"

"సంతలోనేనండీ. పని రానివాడెవడో కుట్టుంటాడు."

వెనక నుంచి యోనా గొడుగు లిదియా తల మీదికి వచ్చింది.

తమరైనా చూసి కొనిపించాల్సింది కదా అని సత్యకుమారి యోనాను వేళాకోళమాడింది.

"మాలాటి ఎవసాయపోళ్లకి సెప్పుల సంగతి ఏటి తెలుస్తాదమ్మా," అని ఆయన నవ్వాడు.

ఇంటికొచ్చాక లిదియా తల కూడా తుడుచుకోలేదు. ఇనప సుత్తికి చుట్టిన గుడ్డ విప్పి, రాయి పక్కన పెట్టి, వీధి తలుపు బార్లా తెరిచింది.

"దీంతోనే కొట్టు నాన్నా."

యోనా కుట్లు విప్పి అడుగుతోలు వేరుచేశాడు. సుత్తి ఎత్తి బరువు చూసుకున్నాడు. పక్క వసారాలో సత్యకుమారి తడిబట్టలు పిండుతోంది. ఆయన సుత్తి దించి, లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు. గోనెపట్టా మడిచి రాయి కింద పెట్టి, కొయ్య సుత్తి అందుకున్నాడు.

లిదియా మళ్లీ తలుపు తీయాలని లేవబోయింది. కానీ అక్కడే కూర్చుండిపోయింది.