పేరు మార్చకు

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ప్రూఫులు చదవడం నాకు అలవాటు. వేళ్ళ పని వేళ్ళు చేసుకుంటాయి, కళ్ళ పని కళ్ళు చేసుకుంటాయి. కాగితాలకి తడి అంటకుండా మోచేత్తో తిప్పుతాను. మా ఆయన రాసిన పదకొండు నవలలూ అలా కూరగాయలతో పాటే చదివాను. "నా పుస్తకం మొదటి పాఠకురాలు మా వంటిల్లు" అని ఆయన సభల్లో అంటే జనం నవ్వుతారు. చదివేది వంటిల్లు కాదు, నేను. కానీ అలా చెప్తే ఎవరూ నవ్వరు కదా.

ఆ ఆదివారం పొద్దున పన్నెండో నవల చివరి ప్రూఫు నా ముందుంది. నలభై మూడో పేజీలో కొత్త మనిషి వచ్చింది. పెద్దింట్లో పనిమనిషి. పంచదార దొంగతనం చేసి కొంగులో దాచుకుంటుంది. ఇంటికొచ్చిన మగవాళ్ళు గిల్లితే కిసుక్కున నవ్వుతుంది. పాఠకుడు మధ్య మధ్య నవ్వుకోవడానికి పెట్టిన మనిషి. ఆమె పేరు చూశాను. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ పేరేంటో ఇక్కడ చెప్పను. ఎందుకు చెప్పనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

నేను కంటి ఆసుపత్రిలో పేర్లు పిలుస్తాను. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. రోజుకి మూడు వందల పేర్లు. మైకు పాడైన రోజు కూడా నా గొంతు మెట్ల దాకా వినిపిస్తుందని అక్కడ అందరూ నన్ను మైకమ్మ అంటారు. పేరు పిలవగానే మనిషి ఎలా లేస్తాడో చూస్తే ఆ మనిషి బతుకు సగం తెలిసిపోతుంది. మగవాళ్ళు సగం పేరుకే లేచి నిలబడతారు, ఆ కుర్చీ తాతలనాటి ఆస్తి అన్నట్టు ఇంకెవరూ కూర్చోకుండా దానిమీద తువ్వాలేసి మరీ వస్తారు. నడివయసు దాటిన ఆడవాళ్ళని మూడుసార్లు పిలవాలి. వాళ్ళకి చెవుడు లేదు. ఆ పేరుతో వాళ్ళని పిలిచి ఏళ్ళయింది, అంతే.

మా ఆయన మొదటి నవలలో ఒక తాపీమేస్త్రీ పెళ్ళాం ఉండేది. ఆమెకి మహారాణి పేరు పెట్టాడు. ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు: "ఆవిడ సిమెంటు తట్ట ఎత్తుకున్నప్పుడు కిరీటం ఎక్కడ పెట్టిందండీ?" ఈయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నేనే చెప్పాను, పేరు అతకలేదు అని. "అయితే నువ్వు పెట్టు చూద్దాం" అన్నాడు, వెక్కిరింతగా. పెట్టాను. అప్పటినుంచి ఆయన కథల్లో పుట్టిన ప్రతి మనిషికీ పేరు నేనే పెట్టాను, నన్నడక్కుండా తనే పేరు పెట్టిన ఈ పనిమనిషికి తప్ప.

దానికి నా పద్ధతి నాకుంది. పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు, పిలిచి పిలిచి నేర్చుకున్నది. ఒక పేరు అనుకోగానే దాన్ని మూడు రకాలుగా పిలిచి చూడాలి. వాకిట్లో నిలబడి, ఆడుకునే పిల్లని అన్నానికి పిలిచినట్టు ఒకసారి. రిజిస్టరు చూసి ఎవరో ముక్కూమొహం తెలియనివాడు చదివినట్టు ఒకసారి. ఒళ్ళు మండి తిట్టినట్టు ఒకసారి. మూడింటికీ నిలబడితే అది పేరు. లేకపోతే అట్టమీద బొమ్మ. ఇంకోటి, మనిషికి పేరు పెట్టేది రచయిత కాదు, ఆ మనిషిని కన్నవాళ్ళు. వాళ్ళ దగ్గర ఏముంది, ఏం కావాలనుకున్నారు, ఏ ఏడు అది? మొదటి ఆడపిల్లకి ముచ్చటపడి పెడతారు. మూడో ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి పేరు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు, పోయిన ఏ నాయనమ్మ పేరో తగిలించి ఊరుకుంటారు. పేరులోనే ఆ పిల్ల ఎన్నోదో తెలియాలి. ఇదంతా నేను పొయ్యి దగ్గర నిలబడి చెప్తుంటే ఆయన రాసుకునేవాడు. తర్వాత ఒక పత్రికలో "పాత్రలకు పేర్లు పెట్టే కళ" అని ఆయన వ్యాసం వచ్చింది. వాకిట్లో పిలవడం, రిజిస్టరు, తిట్టు, మూడూ ఉన్నాయి. నేను లేను. ఆ రోజు కూడా కూర కలుపుతూ ఊరుకున్నాను. ఇంట్లో మాటేగా, ఎవరిదైతే ఏం అనుకున్నాను. ఎవరిదైతే ఏం అనుకునేది ఎప్పుడూ మనమే ఎందుకో అప్పుడు తట్టలేదు.

కాగితాల మీద ఎనభైమందికి పైగా పేర్లు పెట్టాను. కడుపున పుట్టిన ఇద్దరికి మాత్రం పెట్టలేకపోయాను. పెద్దాడికి వాళ్ళ తాత పేరు, చిన్నదానికి వాళ్ళ మేనత్త ఎంచిన పేరు. "మా వంశంలో పేర్లు మేమే పెట్టుకుంటాం, నువ్వు కని పెట్టు చాలు" అంది అత్తయ్య అప్పట్లో. కని పెట్టాను. కని పెంచాను.

ఇప్పుడు ఆ పేరు సంగతి. రెండేళ్ళ కిందట ఒక పెద్దావిడ శుక్లాల ఆపరేషన్‌కి వచ్చింది. నాలుగుసార్లు పిలిచాను. పక్కనున్న కోడలు మోచేత్తో పొడిచి, "నిన్నేనత్తా, లే" అంది. ఆవిడ మెల్లగా నా గాజుకిటికీ దగ్గరికొచ్చి, "ఏదమ్మా, ఇంకోసారి పిలువు" అంది. పిలిచాను. "కళ్ళు కనబడక వచ్చాను గానీ తల్లీ, ముందు చెవులు తెరుచుకున్నాయి" అని పళ్ళులేని నోటితో నవ్వింది.

ఆపరేషన్ ముందూ వెనకా అయిదుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా నా కిటికీ పక్క బల్లమీద కూర్చుని తన సంగతి కాస్త కాస్త చెప్పేది. పదమూడేళ్ళకి పెళ్ళి. పెద్దకోడలా అని పిలిచారు. మొగుడు పోయాక మరుదులనీ ఆడపడుచులనీ ఆరుగురిని సాకింది, అప్పుడు వదినా అన్నారు. తర్వాత ఫలానావాడి తల్లి. ఇప్పుడు ముసలిది. అరవై రెండేళ్ళప్పుడు మనవరాలి పలక తీసుకుని తన పేరు రాయడం నేర్చుకుందట. వేరే ఏమీ రాయదు, పేరొక్కటే. "ఆస్తి కాగితాల మీద వేలిముద్రకి వేలు పట్టుకున్నారమ్మా. వేలొదులు, సంతకం పెడతానన్నాను. సంతకం పెట్టేదాన్నయితే చదివి పెట్టాలిగా, చదివి వినిపించమన్నాను. వినిపిస్తే తెలిసింది, ఇల్లు రాయించుకుంటున్నారు. పెట్టలేదు." అది చెప్పి రొంటిన వక్కపొడి వెతుక్కుంది, పెద్ద విశేషమేమీ కానట్టు.

నేను అప్పటిదాకా సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు. ఆ రోజు అడిగాను, "మీ కథ రాసుకోనా?" అని. ఆవిడ కట్టు లేని కంటితో నన్ను బాగా చూసింది. "రాసుకో. ఏమైనా మార్చుకో, కలుపుకో. పేరు మాత్రం మార్చకు. మార్చావంటే మళ్ళీ ఎవడో ఒకడి తల్లినైపోతాను."

సరేనన్నాను. చేతిలో చెయ్యి వేసి అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకి ఒక్కడికే చెప్పాను. ఇంకెవరికి చెప్పుకుంటాను? రాతలో ఉన్న మనిషి, విలువ తెలుసు అనుకున్నాను. ఆవిడ మాటా, నేనిచ్చిన మాటా, పేరూ, అన్నీ చెప్పాను. "ఎంత మంచి పేరు" అన్నాడు. నేను మురిసిపోయాను. ఆ మురిపెం తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. దొంగకి తాళంచెవి ఇచ్చి, తాళం బావుందన్నాడని సంబరపడ్డాను.

ఆ ఆదివారం ప్రూఫు పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు.

"ఈ పేరు ఎక్కడిది?"

"ఏ పేరు?" అద్దంలోంచే చూశాడు. "ఓ, అదా. ఎక్కడో విన్నాను. పనిమనిషికి సరిగ్గా సరిపోయింది."

గుర్తులేదు. తెలిసి తీసుకుని ఉంటే కనీసం దానికి ఒక విలువ కట్టినట్టుండేది. ఆయనకి అసలు గుర్తులేదు. నేను చెప్పింది చెవిలో దూరి, మనిషి రాలిపోయి, పేరొక్కటి మిగిలింది. దాన్ని తీసుకెళ్ళి పంచదార దొంగకి తగిలించాడు.

గుర్తుచేశాను. కత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. "ఆ, చెప్పావు కదూ. అయితే మాత్రం? పేరుకేమన్నా పట్టా ఉందా? లోకంలో ఆ పేరుగలవాళ్ళు లక్షమంది ఉంటారు."

"లక్షమంది చెప్పలేదు. ఒకావిడ చెప్పింది. నేను మాటిచ్చాను."

"సరే, నీ కథలో పేరు మార్చుకో. పేర్లకి నీ దగ్గర కరువా?" మొహం తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "నీ మంచికే చెప్తున్నా. నా పుస్తకం ముందొస్తుంది. ఆ తర్వాత అదే పేరుతో నీది వస్తే, మొగుడి దగ్గర ఎత్తుకొచ్చిందంటారు. నీకే నామర్దా."

అత్తయ్య తన గదిలోంచి, "పొద్దున్నే పేరు కోసం పోట్లాటేంటే? మీ పిల్లలప్పుడు కూడా ఇంత రభస లేదు" అంది. నిజమే. అప్పుడు చేయాల్సింది.

నేను వంటింట్లోకి వచ్చేశాను. ఏడుపు రాలేదు. ఎర్రపెన్ను తీశాను. ఈనెలు తీయాల్సిన కాయలు అలాగే వదిలేసి, నలభై మూడో పేజీ నుంచి మొదలుపెట్టాను. నూట పదిహేడు చోట్ల ఉంది. నూట పదిహేడు చోట్లా కొట్టేశాను. పక్కన ఇంకో పేరు రాయలేదు. ఇన్నేళ్ళలో నేను ఒక మాట కొట్టేసి ఇంకోటి రాయకపోవడం అదే మొదలు. ఆయన ఎప్పుడూ దిద్దిన ప్రూఫు తిరిగి చూడడు. ఆ నమ్మకం ఆయనది, ఆ చాకిరీ నాది.

సోమవారం డ్యూటీకి వెళ్తూ దారిలో ప్రెస్సులో ఇచ్చాను. కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి పేజీలు తిప్పి బిత్తరపోయింది. "ఇన్ని ఖాళీలేంటి మేడం? పేరేం కొట్టాలి?"

"రచయితగారు చెప్తారమ్మా. ఫోన్ చేసి అడుగు."

పదకొండింటికి నాకు ఫోన్ వచ్చింది. ఆసుపత్రి హాలు నిండా జనం.

"పిచ్చెక్కిందా నీకు? మిషను ఆపుకుని కూర్చున్నారక్కడ. పాత పేరే పెట్టించేస్తున్నా."

"పెట్టించండి. పుస్తకం ఆవిష్కరణకి ఆవిడని తీసుకొచ్చి మొదటి వరసలో కూర్చోబెడతాను. ఇప్పుడు కళ్ళు బాగా కనిపిస్తున్నాయి ఆవిడకి. పేరు చదవడం కూడా వచ్చు. ఆ పేజీ తీసి చేతిలో పెడతాను."

నేను తమాషాకి అనలేదని ఆయనకి తెలుసు. కిందటేడు ఊడ్చేవాళ్ళకి కూర్చోడానికి గది ఇవ్వకపోతే పెద్ద డాక్టరు కారు ముందు వాళ్ళతో పాటు కూర్చున్నదాన్ని నేనే.

"సరే. ఇంకో పేరు చెప్పు" అన్నాడు.

"మీరే పెట్టండి."

"నాకు తట్టట్లేదు."

"మనింట్లో ఏడేళ్ళుగా అంట్లు తోముతున్న మనిషి ఉంది. ఆవిడకో పేరుంటుంది. ఏంటో తెలుసా?"

ఫోన్ పెట్టేశాడు. నేను తర్వాతి పేరు పిలిచాను.

ఆయన నూట పదిహేడు చోట్లా "పనిమనిషి" అని పెట్టించాడట. పుస్తకం వచ్చింది. ఆవిష్కరణ సభకి నేనూ వెళ్ళాను. ఒక విమర్శకుడు మైకు పట్టుకుని ఇరవై నిమిషాలు ఆ పనిమనిషి గురించే మాట్లాడాడు. "ఆమెకు పేరు లేకపోవడమే ఈ నవలకు ప్రాణం. శ్రమకు పేరుండదని ఇంత గొప్పగా చెప్పిన రచన మరొకటి లేదు. స్త్రీ వేదనను ఇంత సున్నితంగా..." నా పక్కనున్న ఆవిడ కళ్ళొత్తుకుంది. మా ఆయన లేచాడు. నా వైపు చూస్తాడేమో అనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో, అప్పుడు కూడా అనుకున్నాను. చూడలేదు. "ఆ పాత్రకు కావాలనే పేరు పెట్టలేదు" అన్నాడు. "నెలరోజులు ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది."

హాలంతా చప్పట్లు. నావి తప్ప.

నా కథ పూర్తయింది. ఆసుపత్రిలో పాత ఫారాల వెనక రాసి, ప్రెస్సు అమ్మాయితో టైపు చేయించుకుని పంపాను. పేరు మార్చలేదు. వచ్చే నెల అచ్చవుతుందని ఉత్తరం వచ్చింది. చదవండి, ఆ పేరు అక్కడ ఉంటుంది, ఆ మనిషితో పాటు. మొగుడి చేత రాయించుకుందని ఎవరైనా అంటే అననివ్వండి.

నిన్న భోజనాల దగ్గర మా ఆయన ఒక కాగితం నా కంచం పక్కకి తోశాడు. కొత్త నవల. తొమ్మిదిమంది మనుషులు, వాళ్ళ వయసు, పని, స్వభావం వరసగా రాసి, ప్రతిదాని ముందూ ఖాళీ వదిలాడు. "ఆదివారంకల్లా ఇచ్చేయ్. పేర్లు లేకపోతే నాకు మొదటి వాక్యం కదలదు" అన్నాడు, ఏమీ జరగనట్టు. పక్కన అత్తయ్య మజ్జిగ అడుగుతోంది.

నేను కాగితం మడతపెట్టి ఆయన కంచం పక్కన పెట్టాను.

"ఈసారి కూడా కావాలనే పెట్టకండి" అన్నాను.