గొట్టం పగిలిన స్కాచ్

పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం లోపల ఉన్నాం, కానీ పైన కప్పు లేదు, వేలాడుతున్న ఆకుల మధ్య నుంచి సముద్రం కనిపిస్తోంది, కందుకూరు పక్కకి సముద్రం ఎప్పుడొచ్చిందని నేను అడగడం లేదు, ఎందుకంటే రెండేళ్ల కిందట పోయిన మా చెంచయ్య బావ బోర్లించిన గంప మీద కూర్చుని, నా వియ్యంకుడు తెచ్చిన స్కాచ్ సీసా మూత తిప్పుతున్నాడు.

"ఈసారైనా నోరు మూసుకుని తాగరా మాలకొండా" అంటున్నాడు.

నలభై ఏళ్లు పొగాకు కాల్చి ఆరబెట్టిన మనిషి బావ. బ్యారన్లో వేడి గొట్టాల్లోనే తిరగాలి. గొట్టం పగిలి పొగ ఆకుకి తగిలిందా, సరుకు పోయినట్టే, బావ ముక్కు దాన్ని వీధి చివర్నుంచే పట్టేసేది. అందుకే వియ్యంకుడు సీసా తెచ్చిన రోజు అంత ఖరీదైన సింగిల్ మాల్ట్ స్కాచ్ నోట్లో పోసుకుని, "గొట్టం పగిలిన సరుకు, వెనక్కిచ్చెయ్యండి" అంటూ ఆయన ముందే ఉమ్మేశాడు. స్కాచ్‌కి ఆ పొగ వాసన కావాలనే పట్టిస్తారని నేనైనా చెప్పాల్సింది. చెప్పకపోగా ఊరంతా కథ చేశాను. చెప్పినకొద్దీ ఒక్క ఉమ్ము మూడయింది, మూడు ఏడయ్యాయి, చివరికి వియ్యంకుడి పంచె కూడా తడిసింది. బావ నవ్వలేదు, తిట్టలేదు. అలాగే పోయాడు.

ఇప్పుడు గ్లాసులో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, ఆకు నాణ్యం చెప్పినట్టే చెబుతున్నాడు. "ముందు పొగ. తుమ్మ మొద్దుది కాదు, మట్టి కాలిన పొగ. దానెనక ఉప్పు. కాసేపాగితే అడుగున తాటిబెల్లం. ఫస్టు రకం, రాసుకో."

"బావా, నా మీద కోపమా?"

గ్లాసు ఎప్పుడో నా చేతిలోకి వచ్చేసింది, బావ మోకాల్లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు, పంచె మాత్రం తడవడం లేదు.

"కోపం కాక? నేను పోయినకాణ్ణించి ఒక్కసారన్నా ఆ కథ చెప్పావంట్రా? మీ అక్క ముందు కూడా చెప్పట్లేదంట!"

"నీ పరువు తీశానేమోనని..."

"నా పరువు నువ్వు తీసేదేంది! కోతలు కోసేటప్పుడు ఘనంగా కొయ్యి. తడిసింది మీ వియ్యంకుడి పంచె కాదు, పట్టు లాల్చీ అని చెప్పు."

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం. అక్క వాళ్ల వసారాలో మంచం మీద ఉన్నాను. వంటింట్లోంచి మాడు వాసన వస్తోంది.

"పప్పు అడుగంటిందిరా, ఏమనుకోకు" అంది అక్క, గరిటెతోనే గడప దాకా వచ్చి.

"అక్కా, బావ స్కాచ్ రుచి చూసిన కథ చెప్పనా?"

అక్క గరిటె పక్కన పెట్టింది. అక్కడే గడప మీద చతికిలబడింది.

"చెప్పు. ఈసారి ఎన్నిసార్లు ఉమ్మిస్తావు ఆయన చేత?"