పెద్దాయన తూటాలు

కరెంటు మీటరు చూడటానికి వచ్చిన మనిషి మీద తండ్రి రివాల్వర్ ఎత్తిన రోజునే, ఇంట్లో ఒక్క తూటా కూడా ఉండకూడదని వెర్నా నిశ్చయించుకుంది.

ఆమె తండ్రి లైల్ హాగెన్, అమెరికాలో మోంటానాలోని ఆ చిన్న ఊళ్ళో ఇరవై ఆరేళ్ళు పోలీసు ఉద్యోగం చేశాడు. ఎనభై దాటాక మతి నిలకడ తప్పింది. పొద్దుటి పూట బాగానే ఉంటాడు. పొద్దు వాలేసరికి, పోయి తొమ్మిదేళ్ళయిన భార్యని కాఫీ పెట్టమని కేకేస్తాడు. రివాల్వర్ మాత్రం నడుముకి ఉండాల్సిందే. అది లాక్కుంటే ఆయన ప్రాణం లాక్కున్నట్టే. అందుకని వెర్నా దాని జోలికి పోలేదు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా అందులోని తూటాలు తీసేసింది. కింది గదిలో అల్మారాలో ఉన్న పెట్టెలన్నీ తన పికప్ బండిలోకి ఎక్కించి, మీద పరదా కప్పింది.

పదిహేను రోజులు ఆ పరదా అలాగే ఉంది. దాచడమా, అమ్మడమా తేలలేదు. సగం పెట్టెలు కంపెనీ సరుకు. మిగతావి ఇంట్లో నింపినవి. చలికాలంలో వంటగది బల్ల ముందు కూర్చుని తల్లి ఆర్డిస్ ఖాళీ తూటా గొట్టాల్లో తుపాకిమందు తూచి పోస్తుంటే, తండ్రి పైన గుండు పెట్టి బిగించేవాడు. పక్కన కూర్చున్న వెర్నా నవ్విందంటే తిట్లే, ఊపిరికి మందు చెదురుతుందని. ప్రతి పెట్టె మీదా తేదీ, తల్లి గుండ్రటి చేతిరాత.

చివరికి ఒక శనివారం తుపాకుల సంతకి తీసుకెళ్ళింది. అక్కడ బల్ల పెట్టుకుని కూర్చునే కర్టిస్ తండ్రికి పాత పరిచయస్తుడే.

"కంపెనీవన్నీ నేను తీసుకుంటా. అట్టపెట్టెలు కూడా నలగలేదు, పాతవి సేకరించేవాళ్ళు కళ్ళకద్దుకుంటారు. ఇవి మాత్రం వద్దు," అని చేత్తో నింపిన పెట్టెల్ని ఇవతలికి నెట్టాడు.

"మా అమ్మ నింపినవి. ఒక్కటి కూడా పేలకుండా ఉండేది కాదు."

"మీ అమ్మంటే నాకూ గౌరవమే. కానీ ఇంకొకళ్ళు నింపిన తూటా ఎవడూ తన తుపాకిలో పెట్టడు, వెర్నా. తేడా వస్తే చెయ్యి ఎగిరిపోతుంది. ఇంతకీ మీ నాన్నకి చెప్పే తెచ్చావా?"

"చెప్పాను," అంది వెర్నా. కర్టిస్ మొహంలోకి చూడకుండా అంది.

మరుసటి గురువారం స్కూలు బస్సు డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి, వంటగదిలోంచి తండ్రి అరుపులు వీధిలోకి వినిపిస్తున్నాయి. వెర్నా బస్సు నడిపే వేళల్లో ఆయన్ని కనిపెట్టుకుని ఉండే ఇనెజ్, తడిచేతులతో పొయ్యి పక్కన నిలబడి ఉంది.

"ఇదే! నా అల్మారా ఊడ్చేసింది! ఇరవై ఆరేళ్ళు దొంగల్ని పట్టినవాణ్ణి, దొంగ మొహం నాకు తెలీదా?"

ఇనెజ్ వెర్నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి. మోకాళ్ళ నొప్పులతో నేను కింది గదికి ఎప్పుడైనా దిగానా?"

ఒక్క మాట చాలు. నిజం చెబితే ఈయన రేపే కొత్తవి తెప్పించుకుంటాడు అని వెర్నా తనకి తాను నచ్చచెప్పుకుంది.

"పోనీలే నాన్నా, ఇంతటితో వదిలెయ్," అంది.

ఆ 'పోనీలే'తో ఇనెజ్ దొంగ అయిపోయింది. ఆమె చేతులు తుడుచుకుంది. ఏప్రన్ మడిచి కుర్చీ మీద పెట్టింది. "మూడేళ్ళు ఆయనకి గడ్డం గీశాను, వెర్నా," అని మాత్రం అని వెళ్ళిపోయింది.

లైల్ ఊరుకోలేదు. పాత స్నేహితులందరికీ ఫోన్లు చేశాడు. వారం తిరక్కుండానే, ఇనెజ్ పనిచేసే ఇంకో రెండిళ్ళవాళ్ళు ఆమెని మానిపించారు. కిరాణా కొట్టులో ఎవరో జాలిగా, "మీ ఇంట్లో దొంగతనం జరిగిందటగా," అన్నారు. వెర్నా తలూపింది. బండిలో కూర్చున్నాక గానీ, తాను తలూపిన సంగతి ఆమెకి తట్టలేదు. బండి తిన్నగా ఇనెజ్ ఇంటికి పోనిచ్చింది.

గుమ్మంలోనే అంతా చెప్పేసింది. ఇనెజ్ ఆశ్చర్యపోలేదు.

"నాకు ఆ రోజే తెలుసు. మీ మొహం చూశాగా."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"మీరు అంటారేమోనని చూశాను. ఇప్పుడు నాకు చెప్పి ఏం లాభం? ఆయనకి చెప్పండి. ఊరికి చెప్పండి," అంది. లోపలికి రమ్మనలేదు.

మర్నాడు పొద్దున్నే, తండ్రి కాఫీ ముందు కూర్చుని ఉండగా వెర్నా చెప్పింది. ఆయన కప్పు కింద పెట్టాడు.

"నేను మనిషి మీద ఎత్తానా?"

"ఎత్తావు నాన్నా. మీటరు చూసే అతని మీద."

"నాకు చెబితే నేనే ఇచ్చేసేవాణ్ణి కదే. ఇలా పొద్దుటి పూట అడగాల్సింది."

అది వెర్నాకి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఆయన్ని అడగొచ్చన్న ఆలోచనే తనకి రాలేదు. దొంగతనంగా తియ్యడమే దారి అనుకుంది.

ఆయన రివాల్వర్ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ ఉదయమే ఇద్దరూ దాన్నీ, ఆర్డిస్ నింపిన పెట్టెల్నీ షెరీఫ్ ఆఫీసుకి తీసుకెళ్ళి అప్పగించారు. ఇచ్చేముందు ఒక పెట్టె మీది రాతని ఆయన వేలితో తడిమి, ముందుకు జరిపాడు. ఇంటికొచ్చి స్నేహితులకి తనే ఫోన్ చేసి, "నేనే పొరబడ్డాను, ఇనెజ్ బంగారం," అన్నాడు. కిరాణా కొట్టులో వెర్నా నోరు విప్పి చెప్పింది. అందరూ విన్నారు.

ఇనెజ్ మాత్రం తిరిగి రాలేదు. పొరుగూళ్ళో పని కుదుర్చుకుంది. ఇక్కడ తలుపు తట్టే ప్రతి ఇంట్లోనూ 'దొంగ' అన్న ఆ మాటే గుర్తొస్తుందని చెప్పింది. వెర్నా సాయంత్రం బస్సు డ్యూటీ వదులుకుని తండ్రి దగ్గరే ఉంటోంది.

పొద్దు వాలేసరికి ఆయనకి అంతా చెరిగిపోతుంది. "ఇనెజ్ ఏదీ? ఈమధ్య రావట్లేదేం?" అని అడుగుతాడు.

"నేను చేసిన తప్పు ఆమె మీద పడింది నాన్నా. అందుకని వెళ్ళిపోయింది."

"అయ్యో! ఏం చేశావే?"

వెర్నా కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటినుంచీ చెబుతుంది.