వెయ్యో వంతు భారం

అక్క పొద్దున ఇల్లు కదిలేముందు మందుల సంచి సర్దుకునేది, తమ్ముడికి మధ్యాహ్నం డబ్బా కట్టేది, వాడు గుమ్మం దాటుతుంటే ఆపి చొక్కా కాలరు సరిచేసేది. వాడికి నలభై దాటాయి. జుట్టు కూడా పలచబడింది. అయినా ఆ కాలరు ఏనాడూ తిన్నగా ఉండేది కాదు. అక్క ఉందిగా అన్న ధీమా. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, ఆమెకి పదహారు. అప్పట్నుంచీ అంతే.

వాడు గణాంకాల ఆఫీసులో పనిచేసేవాడు. అక్కడ వాడిని దశాంశం అనేవాళ్ళు. కూరలో ఉప్పు ఎంత అనడిగినా దశాంశం తర్వాత మూడు స్థానాల దాకా చెప్పే రకం. దేశంలో ఏ సర్కారు సేవ ఎంత పని చేసిందో లెక్కగట్టి, మొత్తంలో ఒక్కో సేవకి ఇంత భారం అని పట్టికలో రాయడం వాడి ఉద్యోగం. అన్ని సేవల భారాలూ కూడితే సరిగ్గా ఒకటి రావాలి. ఎక్కువా రాకూడదు, తక్కువా రాకూడదు.

పట్టికలో ఏ సేవకి ఎంత భారం రాస్తే, ఆ సేవలో పనిచేసేవాళ్ళ ఒంటి బరువు అంత అయ్యేది. ఎంతమంది ఉంటే అంతమందీ దాన్ని పంచుకోవాలి. పట్టిక విడుదలయ్యే రోజు పదకొండింటికి టీచర్లూ పోస్టుమాన్లూ నర్సులూ చేస్తున్న పని ఆపి, కాళ్ళ కింద నేల ఎలా ఉందో ఓసారి చూసుకుని, మళ్ళీ పనిలో పడేవాళ్ళు. ఫైరింజను వాళ్ళకి ఒక ఏడాది భారం పెరిగితే కొత్త బూట్లు కుట్టించుకున్నారు. లైబ్రరీలో ముగ్గురుండేవాళ్ళు. ఇద్దరు ఒకేసారి రిటైరవడంతో ముగ్గురి భారమూ లైబ్రరీ అమ్మ ఒక్కదాని మీద పడింది. కూర్చున్న కుర్చీ కూర్చున్నట్టే ముక్కలైంది. ఆ కథ విని దశాంశం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. గుర్తుంచుకోండి, నవ్వాడు.

ఇదివరకు లెక్క సులువుగా ఉండేది. నర్సుకి ఎంత జీతమో అంత సేవ జరిగినట్టే రాసుకునేవాళ్ళు. కొత్తగా వచ్చిన పెద్ద మేడం దీనికి ఒప్పుకోలేదు.

"జీతం ఖర్చండీ, పని కాదు. గాడిద ఊరికే నిలబడ్డా గడ్డి మేస్తుంది. ఎంత మేసిందని కాదు, ఎన్ని మూటలు మోసిందో లెక్కపెట్టండి" అంది.

అందులో తప్పేముంది? ఏమీ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. ప్రతి సేవకీ ఎంత పని జరిగింది, దానివల్ల ఎంత మేలు జరిగింది అని రెండు గడులు పెట్టారు. అక్క పనిచేసేది "ఇంటి దగ్గర రోగి సేవ"లో. ఇక లాభం లేదని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేసిన వాళ్ళ పక్కన కూర్చోవడం, పుండ్లు కడగడం, పక్క మార్చడం, చెయ్యి పట్టుకోవడం. దేశం మొత్తానికి ఆ సేవలో ఉన్నది ఆరుగురు నర్సులు. "ఎంతమందికి నయమైంది?" అన్న గడిలో ఏం రాస్తారు? ఆ వరసకి చివరికి మిగిలింది పాయింటు సున్నా సున్నా ఒకటి. వెయ్యో వంతు.

విడుదలకి ముందు రోజు మధ్యాహ్నం దశాంశం కూడి చూస్తే ఒకటీ పాయింటు సున్నా సున్నా ఒకటి వచ్చింది. మళ్ళీ కూడాడు. మళ్ళీ అంతే. ప్రతి వరసనీ మూడు స్థానాలకి కుదించడంలో ఎక్కడో ఆ వెయ్యో వంతు ఎక్కువైంది. ఎవరో ఒకరి దగ్గర కొయ్యాలి. పెద్ద వరసలు ముట్టుకుంటే ఫోన్లు మోగుతాయి. అన్నిటికంటే చిన్న వరస ఏదో వాడికి వెతుక్కోకుండానే తెలుసు. అక్క వరస. అయినా కొట్టేశాడు. ఇంటి సంగతులు ఆఫీసుకి మొయ్యకూడదనుకుని తన నిజాయితీకి తనే కాస్త మురిశాడు కూడా.

"మొత్తం ఒకటి వచ్చిందా?" అంది పెద్ద మేడం.

"వచ్చింది మేడం."

మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క వంటింటి కప్పుకి ఆనుకుని ఉంది.

"స్టూలెక్కి దింపరా, మెడ పట్టేసింది" అంది.

దింపి, నడుముకి తాడు కట్టి, రెండో కొస బల్ల కోడుకి ముడేశాడు.

"ఎవర్రా చేసింది?"

"సర్దుబాటక్కా. మొత్తం ఒకటి రావాలిగా."

అక్క మెడ రుద్దుకుంది. "నన్ను తీసేస్తే వచ్చిందా?"

"వచ్చింది."

"సరే, డబ్బా ఇలా తే, కడుగుతాను" అంది.

మిగిలిన ఐదుగురు నర్సులూ వారం తిరక్కుండా ఆపరేషన్ల వార్డుకి మారిపోయి, చక్కగా నేల మీద నడవసాగారు. హెడ్ నర్సు అక్కనీ రమ్మంది. "గడియారాల తాత ఉన్నాడు, ఆయన సంగతి తేలాక చూద్దాం లెండి" అంది అక్క. మందుల సంచిలో ఇస్త్రీపెట్టె వేసుకుని, దాని బరువుతో వీధిలో నడిచి వెళ్ళేది.

గడియారాలు బాగుచేసే ఆ ముసలాయన మూడో అంతస్తులో ఒంటరిగా ఉండేవాడు. ఆసుపత్రివాళ్ళు వారం అని చెప్పి పంపేశారు. అక్క మొదటిరోజు సంచి కింద పెట్టి దుప్పటి సర్దబోతే కాళ్ళు లేచిపోయాయి. ముసలాయన చటుక్కున మణికట్టు పట్టుకున్నాడు. యాభై ఏళ్ళు నువ్వుగింజంత మరలు తిప్పిన వేళ్ళు. పట్టుకుంటే వదలవు.

"ఓర్నీ! నర్సమ్మని నేను పట్టుకోవాల్సొచ్చిందే!" అన్నాడు.

"వదిలెయ్యండి తాతగారూ, మీకు ఆయాసం."

"వదిలితే కప్పుకి కొట్టుకుంటావు తల్లీ. నిన్ను నేల మీద నిలబెట్టేదాకా నేను పోయేది లేదు. చావుకి కబురు పెట్టు, ఈయనకి పనుందని."

అన్నాడు కదా, ఆ మాట మీదే ఉన్నాడు. వారం గడిచింది, నెల గడిచింది. పట్టు ఉండాలంటే ఒంట్లో సత్తువుండాలని, వద్దన్న గంజి అడిగి తాగాడు. అక్క మంచానికి జానెడు పైన తేలుతూనే ఒక చేత్తో పుండ్లు తుడిచేది, రెండో చెయ్యి ఆయన పిడికిట్లో ఉండేది. మూడో నెలకి ఆయన దిండుకి ఆనుకుని కూర్చోసాగాడు.

ఒక సాయంత్రం దశాంశం అక్కకోసం వెళ్ళి అదంతా కళ్ళారా చూశాడు.

"చూడు బాబూ, ఈ వయసులో గాలిపటం ఎగరేస్తున్నాను" అన్నాడు ముసలాయన. అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు విని వాడికి ఏడుపొచ్చింది. మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు కూడా. అప్పుడు తట్టింది. వారం అన్న మనిషి మూడు నెలలు బతికితే, అది మేలు కాదూ? గడిలో రాయొచ్చు కదా?

ఆసుపత్రి కాగితాలు పట్టుకుని పెద్ద మేడం దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. కళ్ళజోడు తీసి, కాగితాలు రెండుసార్లు చదివింది.

"ఆధారముంటే భారముంటుంది. వచ్చే గురువారం సవరణ పట్టికలో పెట్టండి. 'ఇతరములు'లోంచి వెయ్యో వంతు తీసి ఇందులో వెయ్యండి" అంది.

వాడికి ఏనుగెక్కినంత సంబరమైంది. కాకపోతే ఆ ఆఫీసులో ఒక నియమముంది. విడుదలయ్యేదాకా పట్టికలోని అంకె కన్నతల్లికి కూడా చెప్పకూడదు. పదిహేడేళ్ళ ఉద్యోగంలో దశాంశం ఆ నియమాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు.

బుధవారం సాయంత్రం ఉండబట్టలేక ముసలాయన గదికి వెళ్ళాడు.

"ఏంటి బాబూ, మొహం వెలిగిపోతోంది? పెళ్ళి గాని కుదిరిందా?" అన్నాడాయన.

"ఏం లేదండీ. రేపు తెలుస్తుంది."

"రేపేంట్రా?" అంది అక్క పైనుంచి.

మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే అయిపోయేది. పదకొండింటికి మంచానికి దూరంగా నిలబడు అక్కా, అంటే చాలు. వాడు పెదవి కొరుక్కుని, "రేపు త్వరగా ఇంటికొచ్చెయ్, చెప్తాను" అన్నాడు. అక్క వంగి, అందినంతలో వాడి కాలరు సరిచేసింది.

గురువారం పదకొండింటికి పట్టిక విడుదలైంది. దశాంశం సెలవు చీటీ రాసి పడేసి మిఠాయి పొట్లంతో పరుగెత్తాడు. వీధి మలుపులోనే జనం కనబడ్డారు. మెట్లెక్కుతుంటే పై వరండాలో ఎవరో అంటున్నారు, "ఇల్లు కూలిందనుకున్నాం బాబూ."

మంచం నాలుగు కోళ్ళూ విరిగి నేలకంటుకుపోయింది. అక్క దాని మీద బోర్లా పడి ఉంది. నలుగురు మగాళ్ళు కలిసి లేపబోతే కదల్లేదు. ఆరుగురు పట్టాల్సొచ్చింది. కింద ముసలాయన ప్రాణం ఎప్పుడో పోయింది. వేళ్ళు మాత్రం ఆమె మణికట్టు చుట్టూ అలాగే ఉన్నాయి. ఒక్కోటీ విప్పాల్సొచ్చింది.

దశాంశానికి అప్పుడు తెలిసింది. వెయ్యో వంతు ఆరుగురిది. పంచుకోవాల్సిన ఐదుగురూ వెళ్ళిపోయారు. వాడు అంకె సరిచూశాడు, మొత్తం సరిచూశాడు, దాన్ని ఎంతమంది మోస్తారో చూడలేదు. జానెడు ఎత్తునుంచి ఆరుగురి బరువు ఒక్క ముసలి ఛాతీ మీద పడింది.

"పదకొండింటికి వస్తుందని నీకు తెలుసా?" అంది అక్క గోడకి చేరగిలబడి.

"తెలుసు."

"నిన్న వచ్చినప్పుడు?"

"తెలుసక్కా. చెప్పకూడదు."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "చివరిదాకా వదల్లేదురా ఆయన. నేను పడుతున్నా వదల్లేదు" అంది.

అక్కని ఆ మెట్లు దింపడానికి ఒక రోజు పట్టింది. ఆ తర్వాత ఆమె ఏ మేడా ఎక్కలేదు, ఏ మంచం పక్కకీ వెళ్ళలేదు. వెళ్తానన్నా రోగుల ఇళ్ళవాళ్ళు తలుపు తియ్యలేదు. నడిస్తే గచ్చు పగిలేది. తమ్ముడి కాలరు జోలికీ రాలేదు. వాడి మెడ మీద చెయ్యి వెయ్యడానికి భయం.

ఆఫీసులో మాత్రం పెద్ద మేడం ఒక అంకె మీద వేలు పెట్టి అభినందించింది. "చూశారా, మీ అక్కగారి సేవలో మనిషి తలకి ఉత్పత్తి ఆరు రెట్లయింది. దేశంలో ఏ సేవా ఇంత పెరగలేదు."

ఏడాది చివర కొత్త పట్టిక వంతొచ్చింది. నయమైనవాళ్ళ గడికి ఆధారంగా ఉన్న ఒక్క మనిషీ లేడు. ఆధారముంటేనే భారం. సున్నా రాయాలి. దశాంశం సున్నా రాశాడు. రాసి ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడిపోయాడు. జీవితంలో మొదటిసారి నియమం తప్పుదామనుకున్నాడు.

"అక్కా, రేపు..."

"చెప్పకు. విడుదల కాకుండా చెప్పకూడదుగా" అంది. వాడి మొహంలో ఆమెకి తెలియనిదేముంది? ఎత్తుకుని పెంచింది.

మర్నాడు పదకొండుకి పావుగంట ఉందనగా, అక్క ఇస్త్రీపెట్టె తీసి అలమారలో పెట్టింది. బల్ల కోడుకి ఇంకా వేలాడుతున్న తాడు ముక్క విప్పి చుట్ట చుట్టింది. బరువుగా ఒక్కో అడుగూ వేసుకుంటూ పెరట్లోకి వెళ్ళి, కప్పూ చెట్టూ తీగా ఏమీ అడ్డం లేని చోట చూసుకుని నిలబడింది.

దశాంశం సీటు కిటికీ పక్కన. గంట పదకొండు కొట్టాక అటే చూస్తున్నాడు. వీధుల మీదుగా, మేడల మీదుగా చీర రంగు ఒకటి నింపాదిగా పైకి పోతోంది. చేతిలో సంచి లేదు. కిందికి చూడ్డం లేదు. వాడు కుర్చీలోంచి సగం లేచాడు. వాడి కాలరు ఒక పక్క లోపలికి మడత పడి ఉంది.

"ఏమండీ, మిమ్మల్నే! మొత్తం మళ్ళీ ఒకసారి సరిచూడండి. ఒకటి వచ్చిందా?" అంది పెద్ద మేడం.

వాడు కూర్చుని, మొదటి వరస నుంచి చివరిదాకా కూడాడు.

"వచ్చింది మేడం."